నది పుట్టిన చోట నడకదారులు

ఒక ప్రాంతాన్ని వాహనంలో కూర్చుని చూడడం వేరు, కాలినడకన చూడడం వేరు. వాహనంలో వెళ్లేవారికి ఊళ్ల పేర్లు, వాటి మధ్య దూరాలు గుర్తుంటాయి. నడిచేవారికి నేల స్వభావం తెలుస్తుంది. ఎక్కడ మట్టి మెత్తగా ఉన్నదో, ఎక్కడ వేరు పైకి తేలిందో, ఏ మలుపులో గాలి చల్లబడిందో పాదాలకు, శరీరానికి తెలిసినంతగా కళ్లకు తెలియదు. నేను చూసిన అడవులలో ఈ సంగతిని నాకు స్పష్టంగా బోధించినది అమెరికాలోని ఇటాస్కా స్టేట్ పార్కు.

మా అమ్మాయి కుటుంబం మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ నగరంలో నివసిస్తున్నది. అక్టోబరు మొదటివారంలో నేను, అమ్మాయి, ఇంటర్మీడియట్ వయసులో ఉన్న మనవడు కలిసి ఇటాస్కాకు ప్రయాణమయ్యాము. నగరం నుండి వాయవ్య దిశగా సుమారు 350 కిలోమీటర్ల దూరం. పార్కు అనగానే మన పట్టణాలలోని పచ్చిక తిన్నెలు, సిమెంటు బల్లలు నా మనస్సులో మెదిలాయి. అక్కడికి చేరిన తరువాత ఆ మాటకు ఉన్న విస్తృతి అర్థమైంది. అది 32,000 ఎకరాలకు పైబడిన అరణ్యం. అందులో నూరుకు మించిన సరస్సులున్నాయి. ఆ సరస్సులను కలుపుతూ, కొన్నిచోట్ల వాటిని దూరం నుండి చూపుతూ, కాలిబాటలు అడవి అంతటా అల్లుకున్నాయి.

ఇటాస్కా సరస్సు ఉత్తరపు కొసన మిసిసిపీ నది పుడుతుంది. ఉత్తర అమెరికా ఖండం నడుమగా సుమారు 3,770 కిలోమీటర్లు ప్రవహించి, మెక్సికో సింధుశాఖలో కలిసే ఆ మహానది, ఇక్కడ మోకాలి లోతు నీటితో గులకరాళ్ల మీదుగా జారే చిన్న వాగు. సరస్సుకూ నదికీ నడుమ గుండ్రని బండరాళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. పిల్లలు, వృద్ధులు వాటిమీద అడుగులు వేస్తూ నదిని దాటుతున్నారు. నేను పుట్టిపెరిగినది గోదావరి తీరం. రాజమహేంద్రవరం దగ్గర ఆవలి ఒడ్డు కోసం కళ్లు చికిలించి చూడడమే నాకు అలవాటు. అటువంటి నాకు ఒక మహానదిని పది పదిహేను అడుగులలో దాటడం వింతగానూ, కొంత బెరుకుగానూ తోచింది.

“తాతయ్యా, ఇక్కడ వదిలిన ఆకు సముద్రం చేరడానికి ఎన్నాళ్లు పడుతుంది?” అని మనవడు అడిగాడు.

ఇక్కడి నీటిబొట్టు సముద్రాన్ని చేరడానికి సుమారు 90 రోజులు పడుతుందని చెబుతారు. ఆ మాట చెప్పగానే వాడు రాలిన మేపుల్ ఆకునొకదానిని నీటిలో వదిలి, అది మలుపు తిరిగి కనుమరుగయ్యేవరకు చూస్తూ నిలబడ్డాడు.

ఈ సరస్సు పేరు వెనుక ఒక చిత్రమైన కథ ఉన్నది. 1832లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే అన్వేషకుడు నది మూలాన్ని వెదుకుతూ ఇక్కడికి వచ్చాడు. ఆయనకు దారి చూపినవాడు ఓజావిండిబ్ అనే ఒజిబ్వే నాయకుడు. ఒజిబ్వేలు తరతరాలుగా ఈ సరస్సును ఎరిగినవారే. దానిని తమ భాషలో ఎల్క్ అనే పెద్దజాతి దుప్పి పేరుతో పిలుచుకున్నారు. స్కూల్‌క్రాఫ్ట్ లాటిన్ భాషలో సత్యమనే అర్థమున్న ‘వెరిటాస్’, శిరస్సు అనే అర్థమున్న ‘కాపుట్’ అనే రెండు మాటలను తీసుకొని, మొదటిదాని చివరను, రెండవదాని మొదలును కలిపి ‘ఇటాస్కా’ అనే పేరు కూర్చాడు. కొత్తగా కనుగొన్నానన్నవాని పేరు గ్రంథాలకెక్కింది. దారి చూపినవాని పేరు మాత్రం ఒక కాలిబాటకు మిగిలింది. అయితే నడిచేవారికి కాలిబాటను మించిన స్మారకం ఏముంటుంది?

మరునాడు ఉదయం మేము సరస్సు తూర్పు ఒడ్డున సాగే బ్రోవర్ కాలిబాట పట్టాము. దారి సన్నగా ఉన్నది. ఒకవైపు పైన్ వృక్షాలు, మరొకవైపు వాటి సందులలో మెరిసే నీరు. బర్చ్ చెట్ల తెల్లని కాండాల మీద ఎండ పడుతున్నది. ఆస్పెన్ ఆకులు పసుపుముద్దల వలె రాలి దారిని కప్పాయి. సరస్సు నడుమ లూన్ అనే నీటిపక్షి ఒకటి మునిగి, ఎంతో దూరాన మళ్లీ తేలింది. అడుగుల చప్పుడు, గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు.

ఆ దారికి పేరిచ్చిన జేకబ్ బ్రోవర్ చరిత్ర పరిశోధకుడు. నది మూలాన్ని నిర్ధారించడానికి ఆయన ఈ ప్రాంతమంతా సర్వే చేశాడు. అప్పటికి మిన్నెసోటా అడవులలో గొడ్డళ్ల చప్పుడు మార్మోగుతున్నది. ఈ నాలుగు చెట్లయినా మిగలాలని ఆయన ప్రభుత్వాన్ని కోరాడు. 1891లో ఇటాస్కాను స్టేట్ పార్కుగా ప్రకటించే బిల్లు శాసనసభలో ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గింది. మిన్నెసోటాలో అదే మొట్టమొదటి స్టేట్ పార్కు. ఎవరో ఒక సభ్యుడు ఆనాడు మనసు మార్చుకొని ఉంటే, మేము నడిచిన ఆ నీడ ఉండేదో లేదో!

దారి కొంత ఎత్తుకు ఎక్కి ‘ప్రీచర్స్ గ్రోవ్’ అనే తోపు చేరింది. అక్కడి ఎర్ర పైన్ వృక్షాలు 250 సంవత్సరాలు దాటినవి. నేను ఒక చెట్టు మొదట నిలిచి తలెత్తి చూశాను. ఎర్రని బెరడు పలకలు పలకలుగా పైకి సాగిపోయింది. కొమ్మలు ఎక్కడో ఆకాశంలో మొదలయ్యాయి. వాటి క్రింద నుండి సరస్సు నీలంగా పరచుకొని కనిపించింది. ముగ్గురమూ చాలాసేపు మాట్లాడలేదు.

చట్టం వచ్చినంతమాత్రాన అడవి నిలవలేదు. పార్కు హద్దులలోనే కలప వ్యాపారులకు భూములుండేవి. నరికిన దుంగలను నదిలో తేలించడానికి వారు ఆనకట్ట కట్టి సరస్సు నీటిమట్టాన్ని పెంచారు. ఒడ్డున ఉన్న చెట్ల వేళ్లు మునిగాయి. 1903లో పార్కు కమిషనరు మరణించగా, ఆయన కుమార్తె మేరీ గిబ్స్‌ను ఆ పదవిలో నియమించారు. అప్పటికి ఆమె వయస్సు 24 సంవత్సరాలు. అమెరికాలో ఒక స్టేట్ పార్కు బాధ్యత వహించిన తొలి మహిళగా ఆమెను పేర్కొంటారు. ఆనకట్ట తలుపులు తెరిపించడానికి వెళ్లిన ఆమెకు తుపాకి ఎదురైంది. ఆమె వెనుదిరగలేదు. తలుపులు ఎత్తే మీట మీద చేయి వేసింది. ఆమె పదవిలో ఉన్నది కొన్ని నెలలు మాత్రమే. నరికివేత ఆ తరువాత కూడా కొన్నేళ్లు సాగింది. అయినా ఆ చేయి వృథా కాలేదు. నది పుట్టుక చూడవచ్చేవారికి స్వాగతం పలికే భవనానికి నేడు ఆమె పేరే ఉన్నది.

ఆ కథ చదువుతుండగా నాకు మా ఊరి చెరువుగట్టు గుర్తుకు వచ్చింది. గట్టు పొడవునా రావి, మర్రి, చింత, నేరేడు చెట్లుండేవి. పొరుగూరి బడికి మేము ఆ నీడలోనే నడిచేవాళ్లం. నేను పైచదువుకు పట్టణం వెళ్లిన కాలంలో, ఒక వేసవిలో ఆ చెట్లను వేలం వేసి కొట్టించారు. కొట్టినవాని మీద ఊరిలో ఎవరికీ ద్వేషం లేదు. అందరూ అయ్యో అన్నారు. కాని అడ్డుపడినవారు ఒక్కరూ లేరని మా నాన్నగారు చెప్పారు. “అవి ఎవరి చెట్లని అడ్డుపడాలిరా?” అన్నారు ఆయన. అందరివీ అయినవి చివరకు ఎవరివీ కాకుండా పోయాయి. ఆ తరువాత పిల్లలు ఆ గట్టు మీద నడవడం మానుకున్నారు. నడిచేవారు లేని దారిని తుమ్మలు కమ్ముకున్నాయి.

మధ్యాహ్నం మేము సరస్సు దక్షిణాన ఉన్న డాక్టర్ రాబర్ట్స్ కాలిబాటలో నడిచాము. వైద్యునిగా జీవితం ప్రారంభించి, మిన్నెసోటా పక్షులను గూర్చి మహాగ్రంథం రచించిన థామస్ రాబర్ట్స్ పేరు దానికి పెట్టారు. ఆ దారిలో సరస్సుకు ఎదురుగా ఒక పాత కొయ్య కుటీరం ఉన్నది. దాని దుంగలు ఎంత లావుగా ఉన్నాయంటే, కొద్ది వరుసలతోనే గోడ పూర్తయింది. ఆర్థికమాంద్యం అమెరికాను కుంగదీసిన రోజులలో, 1933లో, అక్కడి ప్రభుత్వం నిరుద్యోగ యువకులతో ఒక దళాన్ని ఏర్పాటు చేసి అడవుల పనికి పంపింది. వారు మొక్కలు నాటారు, దారులు వేశారు, కుటీరాలు కట్టారు. నది మొదట మేము అడుగులు వేసిన ఆ బండరాళ్లు కూడా 1930లలో పేర్చినవే. అంతకుముందు అక్కడ చిత్తడి నేల ఉండేది. దానిని బాగుచేసి, నది తన జన్మస్థానంలో అందంగా కనిపించేలా తీర్చిదిద్దారు.

ఈ సంగతి విని మనవడు కొంచెం నిరుత్సాహపడ్డాడు. “అంటే అది నిజమైన ప్రకృతి కాదా తాతయ్యా?” అన్నాడు. మా అమ్మాయి నవ్వి, “నీరు నిజమైనదే కదా!” అన్నది. నేను మరొక మాట చెప్పాను: “ఆ రాళ్లు మోసినవారిలో చాలామంది నీకంటే రెండు మూడేళ్లే పెద్దవారు.” వాడు మారు మాట్లాడలేదు. తరువాత దారిలో అడ్డంగా పడిన ఎండుకొమ్మను మాత్రం తీసి ప్రక్కన వేశాడు.

ఇంకొక నిజం మా నడక చివరలో తెలిసింది. చెట్లను నరకకుండా ఆపితే చాలదట. పెద్ద పైన్ చెట్లున్న చోట పిల్ల పైన్ చెట్లు అరుదుగా కనిపించాయి. ఎర్ర పైన్ గింజ మొలవాలంటే రాలిన ఆకుల మందపు పొర తొలగి నేల బయటపడాలి, ఎండ తగలాలి. పూర్వం అప్పుడప్పుడు వచ్చే కార్చిచ్చు ఆ పని చేసేది. దళసరి బెరడు గల పెద్ద చెట్లు ఆ మంటను తట్టుకొనేవి. మంటలను పూర్తిగా అరికట్టడం మొదలైన తరువాత కొత్త మొలకలకు చోటు లేకపోయింది. మొలిచినవాటిని జింకలు కొరికివేశాయి. అందుకే ఇప్పుడు నిపుణులే అదుపులో ఉంచుతూ అక్కడక్కడ నేలను కాలుస్తున్నారు. తెల్ల పైన్ మొక్కలకు శీతకాలానికి ముందు చిగురు చుట్టూ చిన్న కాగితపు ముక్క మడిచి బిగిస్తున్నారు. జింకకు కాగితం రుచించదు. చిగురు బ్రతుకుతుంది.

మోకాలి ఎత్తున్న అటువంటి మొక్క ఒకటి దారి ప్రక్కనే ఉన్నది. తలమీద తెల్లని కాగితపు టోపీతో బడికి బయలుదేరిన పిల్లవానివలె నిలిచింది. మనవడు దాని ముందు కూర్చున్నాడు.

“ఇది ఆ తోపులోని చెట్లంత కావాలంటే?”

“రెండు మూడు వందల ఏళ్లు.”

“అప్పటికి దీనికి కాగితం చుట్టినవాళ్లు ఉండరు కదా!”

“ఉండరు. ఆ తోపును కాపాడినవారు కూడా ఇప్పుడు లేరు. మనం నీడలో నడిచి వచ్చాం.”

వాడు లేచి, ఆ మొక్కకు కాలు తగలకుండా జాగ్రత్తగా చుట్టూ తిరిగి, మాకంటే ముందుగా నడిచాడు. చెట్ల నడుమ సరస్సు సాయంకాలపు వెలుగులో రాగిపళ్లెంలా మెరుస్తున్నది.

తెలుగునాట చెరువుగట్లకు, కొండదారులకు కొదవ లేదు. వాటికి చట్టాలున్నాయి, అధికారులున్నారు. అయినా ప్రతి దారికి దానిలో రోజూ నడిచే నలుగురు మనుషులు కావాలి. ఏ చెట్టు ఎండిందో, ఏ గట్టు కుంగిందో ముందుగా తెలిసేది వారికే. గొడ్డలి వచ్చిన రోజున “ఇవి మా చెట్లు” అని ముందుకు రావలసినదీ వారే.