మానేటి యొడ్డున మూడు దినములు

సిరిసిల్లనుండి కరీంనగరమునకు బోవుట ప్రయాణమని చెప్పుకొనదగినంత దూరము గాదు. బస్సెక్కి కూర్చుండగనే వేములవాడ వచ్చును. అచ్చటినుండి మఱి యొక గంట. అయినను గతమాసమున మేమా త్రోవను బోవుటకు ముందు కాశీయాత్రకు జేసినంత యాలోచన చేసితిమి. మా చెలియలికి ఆఱవమాసము. తొలికాన్పు పెద్దాపరేషను. రెండవ కాన్పు ఏ తీరున జరుగవలెనో తెలిసికొనివచ్చుటకే యీ ప్రయాణము.

ఆమె నిచ్చినయిల్లు నేతవారిది. మరమగ్గముల చప్పుడు రాత్రులందును ఆగదు. మొదటిసారి కోత తరువాత మూడుమాసములు బిందె యెత్తలేక, బిడ్డను చంకకెత్తుకొనలేక ఆమె పడిన యవస్థ మేము కన్నులార జూచినదే. “అక్కా, ఈసారి నొప్పులు పడి కంట” అని ఆమె పట్టు. “ఒక్కసారి కోసినంక మళ్ల కోసుడే గద బిడ్డా, ఎందుకీ పంచాయితి?” అని ఆమె అత్తగారి మాట. ఆ మాటను మొండితన మనరాదు. ఆ పెద్దామె తోడబుట్టినయామె యింటికాన్పులో నెత్తురు పోయి యామె కన్నులయెదుటనే కన్నుమూసినదట. కత్తినిజూచి కోడలు భయపడుచున్నది, నొప్పులనుజూచి అత్త భయపడుచున్నది. ఇద్దఱి భయమునకును కారణము కలదు.

వేములవాడలో దిగి రాజరాజేశ్వరుని దర్శించుకొంటిమి. సంతానము కోరువారు ఇచ్చట కోడెమొక్కు మ్రొక్కుకొందురు. కోడెను పగ్గము పట్టుకొని గుడిచుట్టు ద్రిప్పి కట్టివేయుట యాచారము. ఆలయప్రాంగణమునందే యొక దర్గాయు గలదు. మ్రొక్కులకు వచ్చినవారు అచ్చటికిని బోవుదురు. కన్నడమున భారతకథను రచించిన పంపమహాకవి ఈ వేములవాడ చాళుక్యుల యాస్థానమువాడే యని చెలియలికి జెప్పబోతిమి గాని, ఆమె మనసు కవులమీద లేదు.

కరీంనగరము మానేటి చెంత నున్నది. ఒకప్పుడు జిల్లాకు ముఖ్యస్థానము కొలది దూరమునందలి యెలగందులయే. ఆ కోట నేడును కొండమీద నిలిచియున్నది. పట్టణమునకు వెండితీగపనివలన పేరు వచ్చినది. ఆ పనివారు వెండ్రుకవలె సాగదీసిన తీగెను మెలిపెట్టి చేసిన చిన్న నెమలినొకదానిని చూచితిమి, కొనలేదు. సాయంకాలము మానేటి యానకట్టమీద నడచితిమి. నీరు సముద్రమువలె గనుపడెను. ఇంతకంటె విహారము చేయుటకు మాకు తీరిక లేకపోయెను.

ఈ జిల్లాకు మఱియొక ప్రసిద్ధియు గలదు. 2019-21 లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, దేశమున నూటికి 21.5 కాన్పులు కోతవలన జరుగగా, తెలంగాణములో 60.7, కరీంనగరము జిల్లాలో 82.4 అని తేలెను. ఆసుపత్రుల వీథిలో నడచునపుడు, బోసినవ్వుల శిశువుల బొమ్మలుగల బోర్డులు వరుసగా గనుపడుచుండగా, మాకు ఆ లెక్కలే మనసున మెదలినవి.

మొదట నొక చిన్న ప్రైవేటు వైద్యశాలకు బోయితిమి. దాని పేరు వ్రాయబోము. అచ్చటివారు తొలికాన్పు కాగితములు చూడలేదు, “ముహూర్తము పెట్టించుకొన్నారా?” అని మాత్ర మడిగిరి. పుట్టిన ఘడియనుబట్టి జాతకము వ్రాయుదురని మేము చిన్ననాడు నేర్చితిమి గాని, జాతకమును ముందు వ్రాయించి బిడ్డను కనుట మే మెఱుగము. ఇంద్రజిత్తు పుట్టునపుడు రావణుడు గ్రహములను తాననుకొన్న చోట నిలిపెనని లోకులు చెప్పుకొందురు. ఆ ముహూర్తబలము లక్ష్మణుని బాణమున కడ్డుపడలేదు. అయినను న్యాయముగా నొక మాట చెప్పవలెను. రాత్రివేళ మత్తు వైద్యుడును, రక్తమును సిద్ధముగా లేని చిన్నచోట, మునుపు కోతపడిన గర్భిణికి నొప్పులు పెట్టింపమనుట మంచిపని యగును. వారు ఆ సంగతియే చెప్పియున్న బాగుండెడిది.

రెండవదినమున సర్కారు ఆసుపత్రికి బోయితిమి. అచ్చటి డాక్టరమ్మ మొట్టమొదట అడిగినది పాత చీటీ. పొట్టమీది మచ్చ అడ్డముగా నున్నంతమాత్రమున లోపల గర్భసంచిమీది కోతయు అట్లే యుండెనని చెప్పరాదట, కాగితమే సాక్ష్యము. సోదరీమణులారా, ఆ చీటీని పెట్టె యడుగున పసుపుకుంకుమలతోబాటు భద్రపఱచుకొనుడు. మా చెలియలి చీటీలో, కోత గర్భసంచి క్రిందిభాగమున అడ్డముగా పడినదనియు, కారణము బిడ్డ యెదురుకాళ్లతో నుండుటయనియు వ్రాసియుండెను. ఈసారి బిడ్డ తల క్రిందికి దిరిగిన ఆ కారణము మరల రాదు. మొదటి కాన్పై మూడేండ్లు దాటినది. స్కానులో మాయ పాత కుట్లకు దూరముగా పైని కనుపడినది. ఇవన్నియు అనుకూలములే. కోత నిలువుగా పైభాగమున పడియున్నను, గర్భసంచి మునుపెన్నడైన చిట్లియున్నను, నొప్పులమాట తలపెట్టనే కూడదని ఆమె చెప్పెను.

“ఒకసారి కోత యైన నెప్పుడును కోతయే” యను మాట ఎచ్చటిదో గూడ ఆమెయే చెప్పెను. 1916 లో అమెరికాలో క్రేగిన్ అను వైద్యు డా మాట నన్నాడట. ఆనాటి కోతలు గర్భసంచి పైభాగమున నిలువుగా పడెడివి. అవి నొప్పులకు తాళలేవు. తరువాత అడ్డకోత వ్యాపించినది గాని పాత మాట పోలేదు. మన సుశ్రుతుడును కడుపు కోసి బిడ్డను తీయుమని చెప్పెను. అది నెలలు నిండి తల్లి మరణించి, బిడ్డ కదలుచున్నపుడు మాత్రమే. తల్లీబిడ్డలు ఇద్దఱును బ్రతుకు కోత యెంత గొప్పదో అది తలచుకొన్నపుడు మాకు తెలిసినది.

అత్తగారు సూటిగా నడిగెను: “కుట్లు పిగిలితే?” డాక్టరమ్మ దాచలేదు. ఒక్క కోత గలవారు నొప్పులకు సిద్ధపడినచో, నూటికి 72 నుండి 75 మంది సహజముగానే కందురు. 200 మందిలో సుమా రొకరికి పాత కుట్లచోట గర్భసంచి చిట్లును. అపుడు వెంటనే కోయకున్న తల్లికిని బిడ్డకును ముప్పు. నొప్పులు పడి తుదకు కోతయే చేయవలసివచ్చిన, అది ముందుగా దినము పెట్టుకొని చేసిన కోతకంటె కష్టమైనది. మఱి కోత యెన్నుకొన్నచో? ఈ సారికి చిట్లుట దాదాపు లేదు గాని, ప్రతి కోతకును తరువాతి గర్భమున మాయ ఆ మచ్చలో పాతుకొని విడువకపోవు భయము పెరుగును. చెలియలు మూడవ బిడ్డను గూడ కోరుచున్నది.

అచ్చట మంత్రసాని పనిలో శిక్షణపొందిన నర్సులు గలరు. 2017 లో రాష్ట్రప్రభుత్వము నర్సులకు 18 మాసముల శిక్షణ నారంభించెను. వారిలో నొకతె అత్తగారిని ప్రసవపు గదికి దీసికొనిపోయి, బిడ్డ గుండెచప్పుడును విడువక చూపు యంత్రమును, ప్రక్కనే యున్న ఆపరేషను గదిని చూపించెను. ఆ రెండు గదులకు నడుమ నెన్ని యడుగులో పెద్దామె నడచి లెక్కపెట్టుకొన్నది.

ఆ రాత్రి సత్రములో చాల సేపు మాటలు జరిగినవి. మఱది ఫోనులో “మీరెట్లంటె అట్ల” నెను. మగవారి కది సులభము. తుదకు చెలియలే తేల్చినది. నొప్పులు వాటంతట నవి వచ్చిన పడును. రాకున్న బలవంతపు మందులకు పోక, డాక్టరమ్మ చెప్పిన దినమున కోతకు ఒప్పుకొనును. నడుమ గుండెచప్పుడు తగ్గెనని యెవరన్నను మాఱుమాట లేక బల్లమీద పరుండును. “అట్లయితె నాకు సమ్మతమే” అని అత్తగారు దీపమార్పెను.

మూడవదినము ఇల్లు వెదకుటకే సరిపోయినది. నొప్పులు మొదలైన పిదప సిరిసిల్లనుండి వచ్చుట మంచిది గాదు గనుక, తొమ్మిదవమాసమునుండి పట్టణముననే యుండవలెను. ఆసుపత్రికి దగ్గఱగా మేడమీది గది చౌకగా దొరికెను గాని అత్తగారు మెట్లు చూచి వద్దనెను. మఱి రెండు వీథులు తిరిగి, కుళాయి వాకిటనే యున్న క్రిందిగదినొకదానిని కుదిర్చి, తానే కొంగుముడి విప్పి బయానా ఇచ్చెను.