అమ్మీజాన్ జామచెట్టు

మగ్రిబ్ అజాన్ అయితే చాలు, మా అమ్మీజాన్ పెరట్లో ఒక్క ఆకు తుంచనిచ్చేది కాదు. చెట్లు పడుకునే వేళట. వజూ జామచెట్టు మొదట్లోనే చేసేది. పంపు దగ్గరైతే నీళ్లు మోరీ పాలవుతాయని ఆమె బాధ. చిలకలు కాయలు కొరికేశాయని మనవలు గోల చేస్తే, "మనం నాటిన చెట్టు కాయ పిట్ట తిన్నా సదకాయే బేటా, ప్యారే నబీ (స) చెప్పారు" అనేది. (పండినవి చిలకలకి, పచ్చివి మాకు!)

ఆమె ఇంతెఖాల్ అయి నాలుగేళ్లు. వాటాల్లో పెరడు తమ్ముడికి వెళ్లింది. చెట్టు తీసేసి గది వేస్తానంటాడు. ఎదిగే ఆడపిల్లలిద్దరు, ఇల్లు ఇరుకు; వద్దనడానికి నాకు నోరు రాలేదు.

మొన్న ఈద్‌కి వెళ్తే, వాడి చిన్నది లోటా పట్టుకుని ఆ చెట్టు కిందే వజూ చేస్తోంది. దాదీ నేర్పిందట. తమ్ముడు గుమ్మంలో నిలబడి చూశాడు. ఈద్ అయి నెల దాటింది. మేస్త్రీని ఇంకా పిలవలేదు.