ఉబ్బసము - ఉదరక్రిములు

ఉబ్బసమన నేమో తోట్లవల్లూరువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కృష్ణ యొడ్డున మంచు దిగు మాసములలో, అరుగుమీద కూర్చుండి తెల్లవారువరకు ఎగయూపిరి విడుచువారు ఇంటింట గాకున్నను వీధివీధిని గలరు. కొందరు మృగశిరకార్తెనాటి చేపమందునకై హైదరాబాదు పోవుదురు. కొందరు పీల్చుమందు జేబులో నుంచుకొందురు. రెండును చేయువారే మెండు. అయితే "కడుపులో పురుగులున్నవేమో చూపించుకొంటిరా?" యని ఉబ్బసరోగి నడుగువారు అరుదు. ఆ ప్రశ్ననుగూర్చియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము పరీక్షాశాలలో సూక్ష్మదర్శినికడ కూర్చుండి జీవించువారము. 2022వ సంవత్సరపు శీతకాలమున మా మేనమామగారికి ఉబ్బసము ముదిరినది. వారు లంకలో పసుపు, కంద పండించిన మనిషి. చెప్పులు గట్టుమీద విడిచి తడినేల దిగుట వారికి చిన్ననాటి యలవాటు. వైద్యులు ప్రెడ్నిసొలోన్ బిళ్ళలు కొన్ని వారములు వాడవలెనని తలచి, ముందుగా రక్తమును, మలమును పరీక్షింపించుకొమ్మనిరి. రక్తమున ఇయోసినోఫిల్ కణములు ఘనమిల్లీమీటరునకు 1,600 తేలినవి. 500 దాటిన హెచ్చని మా లెక్క. పట్టణమందలి యొక పరీక్షాశాలవా రిచ్చిన మలపరీక్ష చీటీలో "పురుగులు లేవు" అని యొక్క ముక్క యున్నది. మామయ్యగారు సంతసించి, "ఇంకేమిరా అల్లుడా, మందు మొదలుపెడదాం" అనిరి. మేము వలదంటిమి.

వలదనుటకు కారణము కలదు. ఈ ఇయోసినోఫిల్ కణములు ఉబ్బసమునను హెచ్చును, పురుగులవలనను హెచ్చును. ఆ రెంటి చిక్కు మన తెలుగునాటనే యొకమారు బయల్పడినది. మదనపల్లెకడ ఆరోగ్యవరమందలి క్షయరోగ చికిత్సాలయమునకు, దగ్గుతో, ఆయాసముతో వచ్చిన కొందరు రోగులు క్షయరోగులవలెనే కనబడిరి. కఫమున మాత్రము క్షయక్రిమి లేదు. రక్తమున నీ కణములు మిక్కుటముగ నుండెను. డేనిషు మిషనరీ వైద్యులైన ఫ్రిమోట్ మోలర్‌గారు, బార్టన్‌గారితో గూడి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్టున ఈ సంగతి ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికయందు దీనికి ఉష్ణదేశపు ఇయోసినోఫిలియా యని పేరిడెను. బోదకాలు తెచ్చు ఫైలేరియా పురుగుల సంతతియే దీనికి మూలమని తరువాత తేలినది. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, ఆయాసము: చూచువారికి ఉబ్బసమే. కాని దీనికి మందు డైయిథైల్ కార్బమజైన్. బోదకాలు నెరిగిన మన తీరప్రాంతమున దీనిని మరువరాదు. ఆ వ్యాధిలో కణముల లెక్క 3,000 దాటుట వాడుక గనుక, మామయ్యగారి విషయమున మా చూపు ప్రేవులపైకి మరలినది.

ప్రేవులలోని పురుగునకును ఊపిరితిత్తులకును ఏమి చుట్టరికమని చదువరులు అడుగవచ్చును. 1922లో జపానుదేశమున కోయినో అను వైద్యుడు రెండువేల ఏలికపాము గ్రుడ్లను తానే మ్రింగెను! కొలది దినములకే జ్వరము, దగ్గు పట్టుకొనగా, తన కఫముననే పురుగుపిల్లలను చూచెను. గ్రుడ్డునుండి వెడలిన పిల్లలు నెత్తురువెంట ఊపిరితిత్తులు చేరి, గొంతున కెగబ్రాకి, మరల కడుపులోనికి దిగును. అవి యెదిగి గ్రుడ్లు పెట్టుటకు రెండునెలలు పైబడును. కావున ఆయాసపెట్టు దినములలో మలమున నొక్క గ్రుడ్డయినను కనబడకపోవచ్చును. కొంకిపురుగు పిల్లలు పాదముల చర్మమును దొలిచి ప్రవేశించి, ఈ త్రోవనే నడచును.

మేము భయపడినది వీనికి గాదు, స్ట్రాంగిలాయిడిస్ అను సన్నని పురుగునకు. ఇదియు పాదముల త్రోవనే వచ్చును గాని, తన పిల్లలచేత ఆ మనిషినే మరల మరల అంటించుకొనుచు దశాబ్దములు వసించును. రెండవ ప్రపంచయుద్ధమున బర్మా-సయాం రైలుమార్గముపై చాకిరి చేసిన బ్రిటిషు ఖైదీలలో, ముప్పదియేండ్లు దాటినతరువాతను ఇది కనబడినది. ఊరక యున్నంతకాలము కొంచెము దురద, కడుపునొప్పి. ప్రెడ్నిసొలోన్ వంటి మందు దేహరక్షణను సడలించినచో, పురుగు లెక్కకు మిక్కిలియై సర్వాంగములు వ్యాపించి ప్రాణము తీయగలదు. ఉబ్బసమునకు మేలైన మందే యిట్లు కీడై పరిణమించును.

మొదటి పరీక్షకు మలమును ముందునాటి సాయంత్రము పట్టి, మంచుపెట్టెలో నుంచి, మరునాడు పంపిరట. ఈ పురుగుపిల్లలు చల్లదనమునకు చచ్చును లేదా కదలక పడియుండును. పైగా అవి వెడలునది దినదినమును గాదు. అందుచేత మూడు వేర్వేరు దినములు, తాజాగా తెమ్మని కోరితిమి. మామయ్యగారు సిగ్గుపడిరి, విసుగుకొనిరి; అత్తయ్యగారి మాటమీద ఒప్పుకొనిరి. సెలైను చుక్కలో మొదటి రెండుదినములును ఏమియు కానరాలేదు. మూడవనాడు మలమును పలుచని గుడ్డలో కట్టి, గరాటులోని వెచ్చనినీట తగులునట్లు వ్రేలాడదీసితిమి. బ్రదికియున్న పిల్లలు వెచ్చదనమునకు దిగివచ్చి అడుగున చేరును. కొన్ని గంటలు తాళి, అడుగునీటి చుక్కను అద్దముపై నుంచి చూడగా, కొరడావలె జాడించుచు రెండు ప్రాణులు! మా పెద్ద పరీక్షకులును చూచి స్ట్రాంగిలాయిడిసే యనిరి. గరాటు దొరకనిచోట రక్తమున ప్రతిరక్షకములను చూచు పరీక్షయు కలదు.

వైద్యులు బరువునుబట్టి ఐవర్‌మెక్టిన్ ఇచ్చి, అటుతరువాతనే ప్రెడ్నిసొలోన్ మొదలిడిరి. 2015 నుండి మన బడులలో నులిపురుగుల దినమున ఇచ్చు ఆల్బెండజోల్ బిళ్ళ ఏలికపాములకు చక్కనిదే. ఒక్క మోతాదుతో స్ట్రాంగిలాయిడిస్ వదలునని నమ్మరాదు.

ఆరునెలలకు మామయ్యగారి కణముల లెక్క 600కు దిగినది. ఉబ్బసము పోలేదు, పోవునని మేము చెప్పనులేదు. పీల్చుమందు నేటికిని వాడుచున్నారు. లంకకు పోవునప్పుడు తొడుగుకొనుమని రబ్బరుజోళ్ళు కొనియిచ్చితిమి. బురదలో జారుచున్నవని మూడవనాడే గట్టుమీద విడిచిరి.