కట్టినవి లెక్కపెట్టాను, బతికినవి కాదు

తూత్తుకుడికి ఎదురుగా, మన్నార్ సింధుశాఖలో వాన్ దీవి ఉంది. 1969లో సుమారు 20 హెక్టార్లున్న ఆ నేల 2015 నాటికి 2 హెక్టార్లు కూడా మిగల్లేదు. అక్కడ వరుసగా ఉన్న 21 దీవుల్లో పూవరసన్‌పట్టి, విలంగుచల్లి అప్పటికే నీళ్లలో కలిసిపోయాయి. నేరమంతా సముద్రానిదే అనలేం. సున్నం కోసం దశాబ్దాలపాటు పగడపు దిబ్బల్ని తవ్వి పడవలకెత్తారు. అలను ముందే విరగ్గొట్టే అడ్డు పోయాక ఒడ్డున ఇసుక ఎలా నిలుస్తుంది? అలల శక్తిలో సగటున 97 శాతాన్ని పగడపు దిబ్బలే పీల్చేస్తాయని 2014లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

బతికున్న పగడం ముక్కల్ని నీటి అడుగున కట్టి ఆ దిబ్బల్ని మళ్లీ పెంచే పనికి స్వచ్ఛందంగా వెళ్లినవాళ్లలో నేనొకణ్ని. నాకు తొందరెక్కువ. కొమ్మల పగడమే కడదామని పట్టుబట్టాను. అక్రోపొరా కొమ్మ ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా సాగుతుంది. బండలా ఉండే పోరైటిస్ ఒక్క సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఫొటోలో ఏది బాగుంటుందో వేరే చెప్పాలా? పైగా లోతు తక్కువున్న చోటు ఎంచుకున్నాను. "వేసవిలో ఇక్కడ నీళ్లు కాగుతాయి సార్, వద్దు" అని పడవ నడిపే అన్న చెప్పాడు. తల ఊపాను, అక్కడే కట్టించాను. లోతు తక్కువైతే రోజుకు ఎక్కువ ముక్కలు కట్టొచ్చు మరి. రిపోర్టులో కట్టినవి ఎన్నో రాశాను. బతికినవి ఎన్ని అనే గడి అందులో లేదు. ఆ పట్టిక గీసింది నేనే.

2016 వేసవిలో నీళ్లు నిజంగానే కాగాయి. వేడి హద్దు దాటితే, పగడం తన ఒంట్లో ఉండి తిండి పెట్టే నాచును బయటికి తోసేస్తుంది. తెల్లబారుతుంది, వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. ఎక్కువగా పోయినవి కొమ్మల పగడాలే. బండ పగడాలు చాలావరకు తట్టుకున్నాయి.

వాన్ దీవికి కాస్త ఊపిరి పోసినవి, చుట్టూ సముద్రంలో దించిన కాంక్రీటు దిమ్మెలు. అలను ముందు అవి ఆపుతున్నాయి; పగడం వాటిమీద తన తీరికలో పడుతోంది. చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు.

పగడం నాటుతామని ఎవరైనా మిమ్మల్ని చందా అడిగితే తప్పకుండా ఇవ్వండి. ఇచ్చేముందు మాత్రం, రెండు వేసవులు దాటాక ఎన్ని బతికాయో, అవి ఏ రకమో అడగండి. జవాబు లేకపోతే వాళ్లు నాలాంటివాళ్లే.