వత్తుకు చోటేది?

నలభై దాటాక చత్వారం రావడం వింతేమీ కాదు. కంటిలోని కటకం బిగుసుకుపోయి, దగ్గరి అక్షరం మీద చూపు నిలవదు. పుస్తకమైతే కాస్త దూరం జరిపి చదువుకుంటాం. సెల్‌ఫోన్‌లోనైతే అక్షరాలనే పెద్దవి చేసుకోవచ్చు. ఫోన్ తెరలు రూపొందించడమే నా ఉద్యోగం కనుక ఇందులో ఒక చిక్కు రోజూ చూస్తుంటాను. అక్షరం పెరిగితే చాలదు, అది కూర్చునే గడి కూడా పెరగాలి.

మన లిపికి ఇది మరీ ముఖ్యం. గుడి, ఏత్వం పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. ‘స్త్రీ’ అని రాస్తే పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఇంగ్లీషు అక్షరాల కొలతకు గడి ఎత్తును బిగించేస్తే, అక్షరం పెంచగానే ముందుగా తెగిపోయేది వత్తే.

హోసూరులో మా పెద్దమ్మ ఒకసారి డబ్బు పంపే తెర చూపించి, “ఈ అక్షరాలకు కాళ్లేడ పోయినాయిరా?” అని అడిగింది. ‘చెల్లించు’ అని ఉండాల్సిన బటన్ మీద ‘చెలించు’ అని ఉంది. ‘రద్దు’ కాస్తా ‘రదు’ అయింది. ఆమె తమిళం బాగా మాట్లాడుతుంది, చదవలేదు. ఇంగ్లీషు అసలే రాదు. తెలుగు తెర పనికిరాకపోతే ఫోను మనవడి చేతికి పోతుంది, దాంతోపాటే పిన్ నంబరూ పోతుంది. తన డబ్బు లెక్క తాను చూసుకునే స్వేచ్ఛ ఒక వత్తు దగ్గర ఆగిపోయింది.

దీనికి పరిష్కారం లేకపోలేదు. అక్షరాన్ని 200 శాతం పెంచినా విషయం, వాడుక చెడకూడదని 2008లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలే చెప్పాయి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 ఫోన్‌లోనూ అంతవరకు పెంచుకునే వీలు కల్పించింది. చేయవలసిందల్లా గడి ఎత్తును బిగించకుండా వదలడం, పొడుగు మాటను కత్తిరించకుండా రెండో వరుసకు దించడం, తెలుగు మాటలతోనే పరీక్షించడం. నేనైతే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘చెల్లించు’ అనే మాటలు పెట్టి, అన్నిటికన్నా పెద్ద కొలతలో చూస్తాను. అక్కడ వత్తు నిలిస్తే మిగతావి నిలుస్తాయి.

మీ ఇంటి పెద్దల ఫోన్‌లో అక్షరాలు పెంచి చూడండి. వత్తు తెగితే ఆ సంస్థకు రాయండి. మనం చెప్పకుండా ఇంగ్లీషులోకి మారిపోతే, తెలుగు తెర అడిగేవారే లేరని వాళ్లు లెక్క వేసుకుంటారు.