మా ఇంట్లో బెనిఫిట్ షో

బెనిఫిట్ షో అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? తెల్లవారుజామున లేచి, పళ్ళు తోముకున్నామో లేదో కూడా గుర్తులేకుండా హాలు గేటు దగ్గర తోసుకుంటూ నిలబడి, కటౌటుకు పోసిన పాలు మన నెత్తిన పడినా తీర్థంలా భావించే వయసు నాకూ ఒకప్పుడు ఉండేది. 2025 నాటికి యాభై ఆరు నిండాయి. అయినా సరే, ఆ ఏడు ఆగస్టు 2న, శ్రావణ శనివారం పూట, నాలుగింటికి అలారం పెట్టుకుని లేచాను. సినిమా హాలుకు కాదు లెండి. సైనిక్‌పురిలో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో, ముందుగదిలో, టీవీ ముందుకి!

హీరో ఎవరంటారా? నెరిసిన గడ్డం, బుర్రమీసాలు, వయసు 77. పేరు బాబ్ వియర్.

ఈయనకు మతిపోయిందేమో అనుకోకండి. మనకు శనివారం తెల్లవారుతుంటే అమెరికాలో ఇంకా ఆగస్టు 1, శుక్రవారం సాయంత్రమే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కులో ‘డెడ్ అండ్ కంపెనీ’ కచేరీ. 1965లో పుట్టిన ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ బ్యాండుకు అరవై ఏళ్ళు నిండాయని వరసగా మూడు రోజుల పండగ. రోజుకు 60,000 మంది దాకా జనం. అరవై ఏళ్ళంటే మన లెక్కలో షష్టిపూర్తి కదా! మా అన్నయ్యకూ ఆ ఏడే అరవై. తన షష్టిపూర్తి చేసుకోలేదుగానీ బ్యాండు షష్టిపూర్తికి మాత్రం స్వెట్టరు వేసుకుని మరీ వెళ్ళాడు. అవును, స్వెట్టరే. వాళ్ళకది వేసవి కచేరీ, కానీ శాన్‌ఫ్రాన్సిస్కో ఆగస్టులో సాయంత్రమయ్యేసరికి సముద్రం మీంచి మంచు పొగ, చలిగాలి!

ఆ కచేరీని డబ్బు కట్టి ఇంట్లోనే చూసే ఏర్పాటు ఉంది. ఆ డబ్బు అన్నయ్యే కట్టి, లింకు నాకు వాట్సాప్‌లో పంపాడు. లింకు, కింద టైము. అంతే, ఇంకొక్క అక్షరం లేదు. అప్పటికి మూడేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు మరి.

అన్నయ్య 1989లో చదువుకోసమని కాలిఫోర్నియా వెళ్ళాడు. అప్పటి సైనిక్‌పురి మీరు చూడాలి. మిలిటరీలో చేసి రిటైరైనవాళ్ళ కోసం వెలసిన కాలనీ. వెడల్పాటి రోడ్లు, ఇంటింటికీ కాంపౌండు గోడ, గోడ లోపల మామిడిచెట్టు. ఎనిమిది దాటితే కుక్కల అరుపు తప్ప మరో శబ్దం ఉండేది కాదు. ఇంగ్లీషు సినిమా కావాలంటే సికింద్రాబాదు వెళ్ళి సంగీత్ థియేటర్‌లో చూడాల్సిందే. ఇప్పుడా సంగీతూ లేదు, ఈ నిశ్శబ్దమూ లేదు. అడుగుకొక కాఫీ షాపు, శనివారం రాత్రయితే గిటార్ల మోత. ఆ పిల్లలు వాయించేది విని మా వీధి పెద్దలు విసుక్కుంటారుగానీ, నాకు కోపం రాదు. కారణం మా ఇంట్లో 1993లో దిగిన ఒక క్యాసెట్టు.

ఆ ఏడు వేసవిలో అన్నయ్య మౌంటెన్‌వ్యూలో షోర్‌లైన్ అనే ఆరుబయలు రంగస్థలంలో గ్రేట్‌ఫుల్ డెడ్‌ని మొదటిసారి చూశాడు. ఆ కచేరీ రికార్డింగు ఎవరి దగ్గరో కాపీ చేయించి, ఊరికి వస్తున్న మిత్రుడి చేత పంపాడు. 90 నిమిషాల క్యాసెట్టు. అట్ట మీద తారీఖు, ఊరిపేరు అన్నయ్య చేతిరాతలోనే. దొంగ రికార్డింగు అనుకునేరు! అభిమానులు తమ కచేరీలను రికార్డు చేసుకుంటే ఆ బ్యాండు కాదనేది కాదు. పైగా 1984 నుంచి మైకులు పెట్టుకునేవాళ్ళ కోసం వేరే చోటు, వేరే టిక్కెట్టు కూడా ఇచ్చారు. ఒకటే షరతు: అమ్ముకోకూడదు, పంచుకోవాలి. పాట లీకైతే కేసులు పెట్టే మన రోజుల్లో ఈ సంగతి వింతగానే ఉంటుంది.

ఎందుకంత రికార్డింగు పిచ్చి అంటే, వాళ్ళ కచేరీ ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. ఇలాంటివాళ్ళనే ‘జామ్ బ్యాండ్’ అంటారు. మన సినిమా పాట నాలుగు నిమిషాల్లో పల్లవి, రెండు చరణాలు, రెండు దేశాలు చుట్టేసి వచ్చేస్తుంది. వీళ్ళు అలా కాదు. పల్లవి అందుకుంటారు, చరణం పాడతారు, ఇక గిటారు ఇంట్లోంచి బయటపడి ఊరుమీద పడుతుంది. ఎటు పోతుందో వాయించేవాడికీ తెలియదు. మిగతావాళ్ళు వెనకే వెళ్ళి, ఇరవై నిమిషాల తరవాత దాన్ని ఎలాగో ఇంటికి తీసుకొస్తారు. ఒక్కోసారి వేరే పాట ఇంట్లో తేలతారు! 1965 నుంచి 1995 దాకా ముప్పై ఏళ్ళలో 2,300 పైచిలుకు కచేరీలు చేశారు. మనం ఒకే సినిమాను పదిసార్లు చూస్తాం. ‘డెడ్‌హెడ్స్’ అని పిలిచే వీళ్ళ అభిమానులు పది కచేరీలు చూస్తే పదీ వేరువేరు. అందుకే బ్యాండు వెంట ఊరూరూ తిరిగేవాళ్ళు. (సినిమా పత్రిక చదివేవాళ్ళు కాబట్టి ఒకమాట. 1977లో వచ్చిన ‘ది గ్రేట్‌ఫుల్ డెడ్ మూవీ’ దొరికితే చూడండి. ఆ సినిమా తయారుచేసిన జెర్రీ గార్షియా బ్యాండులో ముఖ్యుడే. అయినా తనవాళ్ళతోపాటు అభిమానుల్నీ తనివితీరా చూపించాడు. మన హీరోలెవరైనా ఆ పని చేస్తారా?)

సరే, క్యాసెట్టు సంగతి. అమ్మ బ్యాండు పేరుకు అర్థమడిగింది. ‘కృతజ్ఞత గల మృతులు’ అన్నాను. “ఛీ, అపశకునం పేరు! ఇంట్లో పెట్టకురా” అంది. నాన్నగారు మాత్రం కుర్చీలో కూర్చుని శ్రద్ధగా విన్నారు. పది నిమిషాలయ్యాక, “ఇంతకీ పాట ఎప్పుడు మొదలవుతుంది?” అన్నారు. ఇంకాసేపటికి డ్రమ్ములు వచ్చాయి. ఇద్దరు డ్రమ్మర్లు ఎదురుబొదురు. నాన్నగారు తొడమీద తాళం వెయ్యడం మొదలుపెట్టారు. “ఇది తని ఆవర్తనంరా! మనదే” అన్నారు. రేడియోలో కచేరీ తప్ప వినని మనిషి!

ఆయన మాట ఉత్తపుణ్యానికి అన్నది కాదని నాకు తరవాత తెలిసింది. ఆ డ్రమ్మర్లలో ఒకడైన మికీ హార్ట్ మన జాకీర్ హుస్సేన్‌కు దశాబ్దాల స్నేహితుడు. ఇద్దరూ కలిసి చేసిన ‘ప్లానెట్ డ్రమ్’ 1991లో వచ్చింది. ప్రపంచ సంగీతానికంటూ గ్రామీలో తొలిసారి పెట్టిన అవార్డు దానికే దక్కింది. అందులో ఘటం ఎవరిదనుకున్నారు? విక్కు వినాయక్రమ్‌ది! మన మట్టికుండ అంత దూరం వెళ్ళొచ్చిందన్నమాట.

క్యాసెట్టుకు ఒక లోపం ఉంది. మొదటి వైపు చివర, గిటారు పైకి, ఇంకా పైకి వెళ్తూండగా టేపు అయిపోతుంది. టక్కుమని ఆగుతుంది. రెండో వైపు తిప్పితే ఇంకేదో పాట. ముప్పై ఏళ్ళు నేనా పాటను సగమే విన్నాను.

2022లో నాన్నగారు పోయారు. అన్నయ్యకు ఫోన్ చేస్తే బయల్దేరాడుగానీ విమానం దారిలో ఒకచోట తప్పింది. రెండు రోజులు ఫ్రీజరు పెట్టెలో ఉంచాం. పెద్దలు ఇక ఆగకూడదన్నారు. తలకొరివి నేనే పెట్టాను. మర్నాడు అన్నయ్య గేటు తీసుకుని లోపలికి వచ్చి ఖాళీ వరండా చూశాడు. “ఇంకొక్క రోజు ఉంచలేకపోయావా?” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. పదో రోజు వెళ్ళాక ఇల్లు డెవలప్‌మెంటుకు ఇద్దామన్నాడు. మామిడిచెట్టు కొట్టనివ్వనని నేను అరిచాను. చూసేవాళ్ళకు ఆస్తి తగాదా. మా ఇద్దరికీ తెలుసు, అది కాదని.

ఇక బెనిఫిట్ షో. టీవీ పెట్టడం మా అమ్మాయి పని. డిగ్రీ చదువుతోంది, తన హీరో సినిమా మొదటి ఆట తప్పితే అన్నం మానేసే రకం. మా ఆవిడ గడప కడిగి పసుపు రాస్తూ, “ఏవండీ, వాళ్ళు ఇంకా శ్రుతి చేసుకుంటున్నారా?” అంది. అప్పటికి పాట మొదలై చాలాసేపైంది! ఐదింటికి వాకింగుకు బయల్దేరిన పక్కింటి పెద్దాయన లైటు చూసి లోపలికొచ్చారు. ఎనభై దాటిన మనిషి. మిలిటరీ బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. కాసేపు చూసి, “ఏం బాబూ, ఎవరిష్టం వాళ్ళదేనా? కండక్టరు లేడా?” అన్నారు. మికీ హార్ట్ కుర్రతనంలో అమెరికా వైమానిక దళంలో చేరి అక్కడి బ్యాండుల్లో డ్రమ్ము వాయించాడని చెప్పాను. అంతే! ఆయన వాకింగు రద్దు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “అందుకే చూడు, ఆ వెర్రిలో కూడా అడుగు తప్పడం లేదు!”

అమ్మాయికి జాన్ మేయర్ నచ్చాడు. నచ్చడా మరి, వీళ్ళందరిలో చిన్నవాడు! బ్యాండు పుట్టిన పన్నెండేళ్ళకు, 1977లో పుట్టాడు. గార్షియా 1995లో పోయాక ఆ గిటారు చోట ఇంకొకడు నిలబడటమా అని పాత అభిమానులు కొందరు ఈనాటికీ ఒప్పుకోరట. నాకిది కొత్తగా అనిపించలేదు. 1974లో ఘంటసాల పోయినప్పుడు ఇక పాటే లేదన్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. నాలుగేళ్ళు తిరక్కుండా వాళ్ళే బాలు పాటలకు చెవి కోసుకున్నారు. ఆ రోజు ఆగస్టు 1 గార్షియా పుట్టినరోజు కూడా. 2024 అక్టోబరులో పోయిన ఫిల్ లెష్ కొడుకు గ్రేహమ్ వచ్చి తండ్రి పాత సహచరులతో కలిసి వాయించాడు. వాయిస్తుంటే నేను తెరను కాదు, గోడమీద నాన్నగారి ఫొటో చూస్తున్నాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అంతా అద్భుతమని నేననను. వియర్ గొంతు అలిసిపోయింది. కొన్ని పాటలు మరీ నెమ్మది, ముసలెద్దు బండిలా. ఒకచోట మా ఆవిడ పప్పు కుక్కరు పెట్టి, మూడు విజిల్స్ వచ్చి, దించినా అదే పాట. కానీ ఉన్నట్టుండి ఒక క్షణం వస్తుంది. అందరి చేతులూ ఒక్క చోటికి చేరి, ఆ పెద్ద మైదానమంతా ఊపిరి పీల్చినట్టవుతుంది. అది ఫలానా నిమిషంలో వస్తుందని ఎవరూ చెప్పలేరు. దానికోసం కూర్చోవాలి. అంచేత ముసలెద్దు బండినీ భరించాలి.

డ్రమ్ముల ఘట్టం నడుస్తుండగా నా ఫోను మోగింది. అన్నయ్య! వీడియో కాదు, మామూలు కాలే. ఎత్తి “అన్నయ్యా” అన్నాను. అటునుంచి హోరు. ఏదో అంటున్నాడు, వినపడటం లేదు. ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడని అర్థమైంది. మా టీవీలో ఆ మోత కొన్ని సెకన్లు వెనకగా వస్తోంది. ఫోన్లో ముందు, టీవీలో వెనక, రెండూ కలవకుండా మా ముందుగదిలో తిరుగుతున్నాయి. పెద్దాయన చెయ్యెత్తి, “ఏదో ఒకటి ఆపు బాబూ!” అన్నారు. టీవీ సౌండు తగ్గించాను.

కొంతసేపటికి హోరు సద్దుమణిగింది. “వింటున్నావా?” అన్నాడు అన్నయ్య.

“వింటున్నా. తని ఆవర్తనం.”

అటువైపు మాట లేదు. తరవాత, “ఒరేయ్, మామిడిచెట్టు ఉందా?” అన్నాడు.

“ఉంది. ఈసారి కాపు తక్కువ.”

“చలిగా ఉందిరా ఇక్కడ” అని పెట్టేశాడు.

మిగతా రెండు రాత్రులూ, అంటే మనకు ఆది, సోమవారాల తెల్లవారుజాములు కూడా చూశాం. సోమవారం నేను ఆఫీసుకు లేటు. అమ్మాయి కాలేజీయే మానేసింది. పెద్దాయన ఫ్లాస్కులో టీ తెచ్చుకుని మరీ వచ్చారు.

అన్నయ్య సంక్రాంతికి వస్తానన్నాడు, టిక్కెట్టు కొన్నాడు. ఈలోపు 2026 జనవరి 10న బాబ్ వియర్ పోయాడు. క్యాన్సరుకు చికిత్స మొదలైన కొద్ది వారాలకే ఆ మూడు రాత్రులూ వేదికెక్కాడని అప్పుడు బయటపడింది. ముసలెద్దు బండి అన్నందుకు నాకు నాలుక కరుచుకోవాలనిపించింది. అన్నయ్య గేటు తీసుకుని లోపలికొచ్చినప్పుడు ఆ ఊసు ఎత్తలేదు. వరండాలో కాసేపు నిలబడ్డాడు. అప్పుడు చెప్పాను, “ఉంచి ఉండాల్సింది” అని. తల ఊపి బూట్లు విప్పుకున్నాడు.

భోగి రోజు మధ్యాహ్నం నాన్నగారి టేప్‌రికార్డరు కిందికి దించాను. బెల్టు మార్పించి ఉంచాను లెండి. క్యాసెట్టు పెడితే బుసబుసలాడుతూనే పాడింది. గిటారు పైకి, ఇంకా పైకి వెళ్ళింది. టక్కున ఆగింది.

“నాన్నా, తారీఖు ఉందిగా, ఆ కచేరీ మొత్తం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంటుంది. పెట్టనా?” అంది అమ్మాయి ఫోన్ తీస్తూ.

“ఉండవే” అన్నాడు అన్నయ్య. “నేనక్కడే ఉన్నాగా.” టీపాయి దగ్గరికి లాక్కుని, టేపు ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి రెండు చేతుల్తో వాయించడం మొదలుపెట్టాడు.