చీవరంలో గట్లు, బొంతలో పటాలు

భిక్షువుల చీవరాన్ని దగ్గర నుంచి చూస్తే అది ఒకే గుడ్డ కాదని తెలుస్తుంది. బట్టను ముక్కలుగా కోసి, వరుసలుగా పేర్చి, మళ్లీ కుడతారు. దీని కథ వినయపిటకంలోని మహావగ్గలో ఉంది. దక్షిణగిరికి పోతూ భగవానుడు దారిలో మగధ పొలాలు చూశాడు. మడులు, పొడుగు గట్లు, అడ్డగట్లు. భిక్షువుల బట్టలు ఇట్లా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు కుట్టి చూపించాడు. పొడుగు అతుకును కుసి అనీ, పొట్టి అతుకును అడ్డకుసి అనీ అంటారు. ముక్కలైన బట్ట మీద ఎవరికీ ఆశ పుట్టదు. అదీ అందులో ఉద్దేశమే.

ఈ కథ చదివి వినిపిస్తే మా అమ్మ ఆశ్చర్యపోలేదు. నలభై ఏళ్లు పరాయి మడుల్లో నాట్లు వేసిన మనిషి. "గట్టు మీద నడిచినోడికి మడి కనపడకుండా ఎట్టా ఉంటది?" అంది.

కిందటేడు మా పేట విహారానికి సున్నం వేయించినప్పుడు పాత పటాలన్నీ దించి వాకిట్లో కుప్పపోశారు. గోడలకు ఫ్లెక్సీలు వచ్చాయి. కుప్పలో నీలం కోటు బాబాసాహెబ్ క్యాలెండర్లు, బోధివృక్షం కింద బుద్ధుడి బొమ్మలు, ధమ్మదీక్ష సభల కరపత్రాలు ఉన్నాయి. చెమ్మకు అంచులు నల్లబడ్డాయి, మేకులు దిగినచోట తుప్పు మరకలు. అవి నేను తెచ్చుకున్నాను. తొలినాటి భిక్షువులు చెత్తకుప్పల మీద, శ్మశానాల్లో ఏరుకున్న గుడ్డను పంసుకూలం అన్నారు. జీవకుడు అడిగిన తరువాతే గృహస్థులిచ్చే బట్టలకు అనుమతి వచ్చింది. నాకు దొరికింది గుడ్డ కాదు, కాగితం. అంతే తేడా.

కాగితాన్ని కుట్టడం మాత్రం గుడ్డను కుట్టినట్టు కాదు. సూది పోట్లు దగ్గర దగ్గరగా పడితే తపాలా బిళ్ల చించినట్టు గీత వెంబడి ఊడి వస్తుంది. అందుకని మైదా పలచగా ఉడికించి, ప్రతి పటం వెనకా పాత పంచె గుడ్డ అంటించి, నీడలో ఆరబెట్టి, పైన బరువు పెట్టాను. బైండింగు చేసేవాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. పిల్లలు తాకే వస్తువు కాబట్టి నేను కలపలేదు. కుట్టు వేలెడు దూరానికొకటి. దారం బిగించకూడదు, బిగిస్తే కాగితం ముడుచుకుంటుంది. మరీ పొడి అయిపోయిన ముక్కల మీద అమ్మ పాత వాయిల్ చీర పరిచి, అంచుల చుట్టూ కుట్టాను. బొమ్మ పలచగా కనబడుతుంది. ఉతకడానికి వీల్లేదు గనక ఇది బొంతే కాదని అమ్మ వాదన. ఆ మాట నిజమే, గోడకు వేలాడే బొంత.

"మొగం మీద సూది దించమాకు" అని మాత్రం గట్టిగా చెప్పింది. దాన్ని విగ్రహభక్తి అని కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఊళ్లలో బాబాసాహెబ్ విగ్రహాల చుట్టూ ఇనుప చట్రాలు ఎందుకు కట్టుకోవాల్సి వస్తోందో ఆమెకు తెలుసు. ఆ ముఖానికి దెబ్బ తగలడమంటే ఏమిటో పేటలో అందరికీ తెలుసు. కుట్టు కోటు అంచు వెంబడి, పుస్తకం చుట్టూ పోయింది.

మరకలు తుడిచి, రంగులు దిద్దమని కొందరన్నారు. ఒప్పుకోలేదు. ఒక క్యాలెండరు వెనక ఎవరో కూలి లెక్క రాసుకున్నారు, దినానికింత అని. అది తిరగేసి, లెక్క పైకి కనపడేట్టు కుట్టాను. బాబాసాహెబ్ బొమ్మలు ఇంకా చాలా ఉన్నాయి, ఆ లెక్క ఒక్కటే.

ఇప్పుడది విహారంలో ఫ్లెక్సీ పక్కన, ఎండ తగలని గోడకు ఉంది. నెలకోసారి దించి దులుపుతాం. కుడివైపు కింద రెండు మడులు ఖాళీగా వదిలాను. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న పెద్దాయన పెట్టెలో అప్పటి కాగితమేదో ఉందని వాళ్లింటివాళ్లు అంటున్నారు. ఇస్తారో, దాచుకుంటారో.